చెట్లు తీస్తేనే బతికే నేల

పాత గోల్ఫ్ మైదానాన్ని బాగుచేయాలంటే మొక్కలు నాటాలి, ఎరువు వేయాలి అనుకుంటాం. ఇంగ్లండ్‌లోని హీత్ నేలల్లో పద్ధతి ఇందుకు పూర్తిగా భిన్నం. విల్లీ పార్క్ జూనియర్ రూపొందించిన సన్నింగ్‌డేల్ మైదానం 1901లో మొదలైనప్పుడు అక్కడ చెట్లు చాలా తక్కువ. ఇసుక నేల మీద ఊదారంగు పూల హెదర్ పొదలే ఎక్కువగా ఉండేవి.

ఆమ్లగుణం ఉండి, పోషకాలు తక్కువగా ఉన్న నేలే హెదర్‌కు అనువైనది. పశువులు మేయడం ఆగిపోతే బిర్చ్, పైన్ చెట్లు పెరుగుతాయి. వాటి ఆకులు రాలి కుళ్లడంతో నేల సారవంతమవుతుంది. గడ్డి బలుస్తుంది, నీడలో హెదర్ క్షీణిస్తుంది.

అందుకే ఇలాంటి మైదానాల పునరుద్ధరణలో చెట్లు తొలగించి, పైమట్టిని పలుచగా చెక్కేస్తారు. దశాబ్దాలుగా మట్టిలో నిద్రాణంగా ఉన్న హెదర్ విత్తనాలు వెలుతురు తగిలి మొలకెత్తుతాయి. ఇసుక బల్లులకూ, నేల మీదే గుడ్లు పెట్టే నైట్‌జార్ పక్షులకూ అనువైన చోటు మళ్లీ ఏర్పడుతుంది. చెట్లు పెంచడమే అన్నిచోట్లా ప్రకృతి రక్షణ కాదు.