చీకటి అలమారకు చిన్న దీపము

ఇది మా ఇంటిలోనే జరిగిన సంగతి.

మా అమ్మకు డెబ్బై ఏండ్లు దాటాయి. కండ్లలో శుక్లాలు. ఒక రాత్రి దగ్గు ఆగక లేచి, ఎవరినీ లేపడమెందుకని తానే గోడ అలమార తెరిచి, చేతితో తడిమి మందు సీసా తీసుకున్నది. మూత తీయగానే ఘాటు వాసన కొట్టడంతో ఆగిపోయింది. అది దగ్గుమందు కాదు, ఫినాయిలు. డబ్బా కారుతున్నదని, మిగిలిన ఫినాయిలును ఖాళీ దగ్గుమందు సీసాలో పోసి అక్కడ పెట్టింది వేరెవరో కాదు, నేనే.

"వాసన రాని మందైతే ఏమయ్యేది బిడ్డా?" అని ఆమె అడిగిన మాటకు నా దగ్గర జవాబు లేదు.

మన ఇండ్లలో గదికి లైటు ఉంటుంది గాని అలమారకు ఉండదు. అలమార తెరిచినప్పుడు గది లైటు మన వెనుక ఉంటుంది. మన నీడే అరల మీద పడుతుంది. కావలసిన చోటనే చీకటి! పల్లెటూరి ఇండ్లలో కొట్టుగది, అటక, గోడ గూడు సంగతి చెప్పనే అక్కరలేదు. తేలు ఉన్నదో, జెర్రి ఉన్నదో చూడకుండానే చేయి పెట్టేస్తాము.

ఆ శనివారము సరుకుల కోసం మోండా మార్కెట్‌కు వెళ్లాను. సికింద్రాబాదు స్టేషను నుండి నడిచి వెళ్లేంత దూరమే. కిరాణా కొట్టతను పప్పు తేవడానికి వెనుక గదిలోకి వెళ్తూ, మిట్టమధ్యాహ్నమే లైటు వేసుకున్నాడు. ఎందుకని అడిగితే, "ఎన్నో ఏండ్ల నుంచి అవే బస్తాలు సార్. అయినా చూడకుండా చెయ్యి పెట్టను. అలవాటున్న చోటే కదా పొరపాటయ్యేది" అన్నాడు. ఆ మాట నా మనసులో నాటుకున్నది. అటు నుండి అటే ఎలక్ట్రికల్ షాపుకు వెళ్లి అలమార లైట్ల గురించి విచారించాను.

మొదటిది, సెల్లులతో వెలిగే చిన్న ఎల్.ఈ.డి. లైటు. జిగురు పట్టీతో అంటించి, వేలితో నొక్కితే వెలుగుతుంది. వైరు పని లేదు, కరెంటు పోయినా వెలుగుతుంది. అద్దె ఇంటివారికి, పల్లెవాసులకు ఇదే తేలిక.

రెండవది, సెన్సారు ఉన్నది. మన ఒంటి వేడి కదలికను గుర్తించి దానంతటదే వెలిగి, కొద్దిసేపటికి ఆరిపోతుంది. తలుపు మూసి ఉంటే దానికి మనము కనబడము. తెరిచి చేయి చాపితే వెలుగుతుంది. స్విచ్చు వెతుకులాట ఉండదు గనుక వృద్ధులకు మేలు.

మూడవది, అడాప్టరుతో పనిచేసే 12 వోల్టుల ఎల్.ఈ.డి. పట్టీ. ఫ్రిజ్‌లో ఉన్నట్టు, తలుపు తెరిస్తే వెలిగే స్విచ్చు పెట్టించుకోవచ్చు. ఈ పని ఎలక్ట్రీషియను చేతనే, మెయిన్ ఆపి చేయించాలి. వైరు తలుపు సందులో నలగకూడదు. ఇనుప బీరువాలోకి 230 వోల్టుల వైరు ఎన్నడూ లాగవద్దు. రేకు అంచుకు వైరు కోసుకుపోతే బీరువాయే షాకు కొడుతుంది. దానికి అయస్కాంతంతో అంటుకునే సెల్లుల లైటు చాలును.

పాతకాలపు 40 వాట్ల బల్బు మాత్రము అలమారలో పెట్టవద్దు. అది తీసుకునే కరెంటులో నూటికి తొంభై వంతులకు పైగా వేడిగానే పోతుంది. మూసిన అరలో బట్టలు, కాగితాలు మాడిపోగలవు. కొవ్వొత్తి, కిరోసిన్ బుడ్డి మాట తలపెట్టనే వద్దు. ఎల్.ఈ.డి.కి ఒకటి రెండు వాట్లు చాలును. తెల్లని ఎల్.ఈ.డి. వెలుగుకు దారి తీసిన నీలి ఎల్.ఈ.డి. కనుగొన్నందుకు అకసాకి, అమానో, నకమురా అను ముగ్గురికి 2014లో నోబెల్ బహుమతి లభించింది.

లైటు పెట్టే చోటు కూడా ముఖ్యమే. పైఅర కప్పుకు పెడితే కింది అరలు చీకటిగానే మిగులుతాయి. తలుపు పక్కన, లోపలి అంచున, నిలువుగా, వెలుగు లోపలికి పడేటట్టు అమర్చండి. అన్ని అరలూ కనబడతాయి, కండ్లలో పడదు. పాత సెల్లులు, కొత్త సెల్లులు కలపవద్దు. బొత్తాము వంటి గుండ్రని సెల్లులు వేసేదైతే, మూతకు మర ఉన్నదే కొనండి. పసిబిడ్డ ఆ సెల్లు మింగితే రెండు గంటలలోనే గొంతు లోపల కాలిపోగలదు.

మేము సెన్సారు లైటు తెచ్చాము. అయితే బిగించే ముందు నా భార్య అలమార అంతా ఖాళీ చేయించింది. గడువు తీరిన మాత్రలు, ఎలుకల మందు పొట్లము, ఎప్పుడో పోయిందనుకున్న మా పెద్దదాని టి.సి. కాగితము, అన్నీ బయటపడ్డాయి! లూకా సువార్త 15వ అధ్యాయములోని స్త్రీ పోయిన నాణెము కొరకు దీపము వెలిగించి ఊరుకోలేదు. ఇల్లు ఊడ్చి వెదకినది. దీపము పెట్టుట సగము పనే.

కాబట్టి ఫినాయిలు, యాసిడ్, పొలానికి కొట్టే పురుగుల మందు వేరే చోట తాళము వేసి ఉంచండి. మందు సీసాలో గాని, కూల్‌డ్రింకు సీసాలో గాని పోయకండి. ఒకవేళ ఎవరైనా తాగితే బలవంతంగా వాంతి చేయించవద్దు. ఆ సీసాను కూడా వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. 2005లో హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ మన పల్లెలకూ వస్తుంది.

ఆ రాత్రి అమ్మ అలమార తెరిచింది. లైటు వెలిగింది. సీసాను తిప్పి, చీటీ చూసి, దగ్గుమందు తీసుకున్నది. "ఇంత చిన్నదానికి ఇన్నేండ్లు పట్టిందా?" అన్నది.

మీ ఇంటి అలమార సంగతి ఈ రాత్రే చూడండి.