‘రన్’ అంటే పరుగేనా? ఒక ఇంగ్లిష్ మాట, దాని టర్కిష్ అర్థాలు: అపోహలు – వాస్తవాలు

ఇస్తాంబుల్‌లో ఆసియా వైపున్న కాదికొయ్ పేటలో ఒక నెలపాటు అద్దెకున్నాను. మూడో రోజున బట్టలుతికే మిషన్ ఆగిపోయింది. ఇంటావిడ కింది అంతస్తులోనే ఉంటుంది. ఆవిడకు చెప్పడానికి మాట కోసం నిఘంటువు తిరగేశాను. మిషన్ ‘రన్’ కావడం లేదని చెప్పాలి. ‘రన్’కు ఎదురుగా మొట్టమొదట ఉన్న మాట ‘కొష్మక్’. దానికి ‘లేదు’ అనే ప్రత్యయం తగిలించి, కిందికి వెళ్లి, “మకినె కొష్ముయొర్” అన్నాను.

ఆవిడ నవ్వలేదు. చూపుడువేలు, నడిమివేలు రెండూ బల్ల మీద ఆనించి, కాళ్లలాగా గబగబా కదిలిస్తూ “కొష్మక్” అంది. తర్వాత నాతో పైకి వచ్చి, మిషన్ మీద అరచెయ్యి పెట్టి, ఒక్కో అక్షరం విడదీసి “చలిష్మియొర్” అంది. పనిచేయడం లేదు అని.

ఆ రెండు వేళ్లు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టున్నాయి. ఎందుకంటే నేను తెలుగులో ఆలోచించి ఉంటే ఆ తప్పు దొర్లేదే కాదు. మన ఇళ్లలో ఏ మిషనూ పరుగెత్తదు. నడుస్తుంది, లేదా పనిచేస్తుంది. తెలుగు నుంచి టర్కిష్‌కు తిన్నని దారి ఉండగా ఇంగ్లిష్ చుట్టూ తిరిగి వెళ్లి బోర్లా పడ్డాను. టర్కిష్ సీరియళ్లు చూసి ఆ భాష నేర్చుకుందామనుకునేవాళ్లు, చదువుకో ఉద్యోగానికో అక్కడికి వెళ్లేవాళ్లు ఇదే దారిలో పడుతున్నారు. అందుకే ఈ ఒక్క మాటనూ పట్టుకుని, దాని చుట్టూ అల్లుకున్న అపోహలను విప్పి చూద్దామనిపించింది.

అపోహ: నిఘంటువులో మొదట కనిపించేదే అసలు సిసలు అర్థం. అది వస్తే చాలు, మిగతాచోట్ల కూడా అదే సరిపోతుంది.

కొష్మక్ అంటే కాళ్లతో పరుగెత్తడం. పిల్లవాడు, కుక్క, గుర్రం కొష్మక్ చేస్తాయి. పరుగుపందేన్ని ‘కొషు’ అంటారు. ఆ మాట పొలిమేర దాదాపుగా అక్కడికే.

జలుబు చేసిందనుకోండి. ఇంగ్లిష్‌వాడి ముక్కు ‘రన్’ అవుతుంది. టర్కిష్‌లో “బుర్నుమ్ అకియొర్” అంటారు. అక్మక్ అంటే కారడం, పారడం. మన ముక్కూ కారుతుంది కాబట్టి ఇక్కడ మనకు ఏ తడబాటూ ఉండక్కర్లేదు. కుళాయి నీళ్లకూ, ఏటి నీళ్లకూ అదే మాట. గడియారం, ఇంజను, ఫ్రిజ్ అయితే చలిష్మక్. ఈ చలిష్మక్‌లోనే మనిషి పనిచేయడం, పిల్లలు పాఠం చదువుకోవడం కూడా ఇమిడి ఉన్నాయి. దుకాణం ‘రన్’ చేయడానికి ఇష్లెత్మెక్ అంటారు. ‘ఇష్’ అంటే పని. దుకాణం చేత పని చేయించడమన్నమాట. బస్సులు తిరగడానికి ‘సెఫెర్ యప్మక్’, అంటే ప్రయాణం చేయడం అంటారు. ఆ సెఫెర్ మనకు తెలిసిన సఫరే. పాలు ‘రన్ అవుట్’ అయితే “స్యుత్ బిత్తి” అని తేల్చేస్తారు, పాలు అయిపోయాయి అని.

ఎన్నికల సంగతి ఇంకా ముచ్చటైనది. అమెరికావాళ్లు ఎన్నికల్లో ‘రన్’ అవుతారు. అదే ఇంగ్లిష్ మాట్లాడే బ్రిటన్‌వాళ్లు ‘స్టాండ్’ అవుతారు. మనవాళ్లు కూడా సర్పంచ్‌గా నిలబడతారే కానీ పరుగెత్తరు. టర్కీలో అయితే ‘అదయ్ ఒల్మక్’, అభ్యర్థి కావడం. పరుగూ లేదు, నిలబడడమూ లేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది మేజోళ్ల మాట. పలచని మేజోడులో ఒక పోగు తెగి, చీలిక పైదాకా పాకితే అమెరికా ఇంగ్లిష్‌లో దాన్నీ ‘రన్’ అంటారు. టర్కిష్ ఆడవాళ్లు “చొరబిమ్ కచ్తి” అంటారు. కచ్మక్ అంటే పారిపోవడం. నా మేజోడు పారిపోయింది! ఇన్నిటిలో ఇదొక్కటే పరుగుకు దగ్గరగా వచ్చింది, అదీ కొష్మక్ రూపంలో కాదు.

ఇదంతా ఒకచోట పేర్చి చూస్తే ఒక విషయం నన్ను కట్టిపడేస్తుంది. ఆగకుండా సాగే పనిని చూసి ఇంగ్లిష్‌కు పరుగు గుర్తొచ్చింది. తెలుగుకు నడక గుర్తొచ్చింది. బడి నడుస్తుంది, కొట్టు నడుపుతాం, కాలం నడుస్తుంది, కేసు నడుస్తుంది. టర్కిష్‌కేమో పని గుర్తొచ్చింది. చూసింది ఒకే దృశ్యాన్ని, పట్టుకున్నది మూడు వేర్వేరు కొసలను. మూడింటిలో ఏదీ తప్పు కాదు, ఏదీ మరొకదానికి అనువాదమూ కాదు.

అపోహ: ఎక్కువ అర్థాలుండేది పెద్ద పెద్ద మాటలకు. చిన్న మాటలు తేలిక.

ఇది పూర్తిగా తలకిందులు. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికంటే పొడవైన పద్దు ‘సెట్’ అనే మూడక్షరాల క్రియది. దాని కింద 430 అర్థాలున్నాయి. మూడో కూర్పు కోసం మాటలను మళ్లీ పరిశీలిస్తూ వచ్చినప్పుడు ‘రన్’ దాన్ని మించిపోయింది. క్రియగా వాడే అర్థాలే 645 లెక్కకొచ్చాయి. పీటర్ గిలివర్ అనే నిఘంటుకారుడు ఆ ఒక్క మాట మీద దాదాపు తొమ్మిది నెలలు పనిచేశాడు. ‘పరమాణువు’ లాంటి బరువైన మాటకు ఒకటి రెండు అర్థాలుంటాయి. దాన్ని బజారుకు ఎవరూ తీసుకెళ్లరు. చేతికింద ఉండే చిన్న మాటే రోజుకు పదిచోట్ల వాడుకలోకి వచ్చి, వాడినచోటల్లా కొంత కొత్త అర్థాన్ని అంటించుకుంటుంది.

అపోహ: పరుగే మూలం. నీళ్లు ‘రన్’ కావడం లాంటివన్నీ తర్వాత కవులు కల్పించిన అలంకారాలు.

పాత ఇంగ్లిష్ ‘రిన్నన్’కు పారడం, పరుగెత్తడం రెండూ అర్థాలే. దాని జర్మన్ చుట్టమైన ‘రిన్నెన్’కు ఈనాటికీ పారడం, కారడం అనే అర్థమే ఉంది. కాబట్టి ముక్కు ‘రన్’ కావడం పిల్లవాడి పరుగు దగ్గర అరువు తెచ్చుకున్నది కాదు. ఇదేమీ మనకు వింత కాకూడదు. కాలువ పారుతుంది, దొంగ పారిపోతాడు. రెండు చోట్లా అదే ‘పారు’. టర్కిష్ ఈ రెంటినీ అక్మక్, కచ్మక్ అని విడదీసి ఉంచింది.

అపోహ: ఒక మాటకు ఇన్ని అర్థాలుండడం ఇంగ్లిష్ గొప్పతనం. టర్కిష్, తెలుగు లాంటి భాషల్లో ఆ సంపద లేదు.

ఈ మాట చదువుకున్నవాళ్ల నోట కూడా విన్నాను, విన్నప్పుడల్లా బాధ కలిగింది. దీనికి జవాబుగా ఒక్క టర్కిష్ క్రియను చూపిస్తే చాలు: చల్మక్.

తలుపు చప్పుడైతే “కపి చల్ది” అంటారు. ఫోను మోగుతుంటే “తెలెఫొన్ చలియొర్”. సాజ్ అనే తీగవాద్యాన్ని వాయిస్తే “సాజ్ చలియొర్”. జేబులోని పర్సు పోతే “జ్యుజ్దానిమి చల్దిలర్”, నా పర్సు దొంగిలించారు అని. దేన్నయినా నేలకేసి కొడితే ‘యెరె చల్మక్’. ఇంగ్లిష్‌లో వీటికి తలా ఒక మాట కావాలి. నాక్, రింగ్, ప్లే, స్టీల్, ఇలాగ. ఇంగ్లిష్ దారిలో వచ్చినవాడు చల్మక్‌ను నాలుగైదు వేర్వేరు మాటలుగా బట్టీ పట్టాల్సి వస్తుంది.

తెలుగువాడికి ఆ అవస్థ లేదు. తలుపు కొట్టాడు. గంట కొట్టాడు. డప్పు కొట్టాడు. నేలకేసి కొట్టాడు. పర్సు కొట్టేశాడు. చల్మక్‌కు పాత టర్కిక్‌లో ఉన్న మొదటి అర్థం కూడా కొట్టడమే. రెండు భాషల్లోనూ చెయ్యి చేసే ఒకే పనిని పట్టుకుని, ఒకే వరసలో అర్థాలు పెరిగాయి. పూర్తిగా ఒకటని మాత్రం అనుకోవద్దు. మనం డప్పు, డోలు, తబలా దగ్గర ఆగిపోతాం. వీణ మీటుతాం, వేణువు ఊదుతాం. టర్కిష్‌లో పిల్లనగ్రోవినీ చల్మక్ చేస్తారు. అలాగే మోగే ఫోను కూడా అక్కడ చల్మక్కే.

ఇంకో సంగతి. మిషన్ మీద చెయ్యి పెట్టి ఆవిడ అన్న చలిష్మక్ ఈ చల్మక్ కడుపున పుట్టిందే. ‘ష్’ ప్రత్యయం ‘ఒకరితో ఒకరు’ అనే అర్థాన్నిస్తుంది. ఒకరినొకరు కొట్టుకోవడం, పెనుగులాడడం, గట్టిగా ప్రయత్నించడం, చివరికి పనిచేయడం. తెలుగు ‘కొట్టుకొను’ వేరే మలుపు తిరిగింది. మన గుండె కొట్టుకుంటుంది, మనుషులు ఉద్యోగాల కోసం కొట్టుకుంటారు.

తినడం, తాగడం చూడండి. టర్కిష్‌లో సిగరెట్‌ను తాగుతారు. నీళ్లకూ, సూపుకూ, సిగరెట్‌కూ ఇచ్మెక్ ఒక్కటే. మన ఊళ్లలో బీడీ తాగడం, చుట్ట తాగడం లేవా? ‘దయక్ యెమెక్’ అంటే తన్నులు తినడం. ‘ర్యుష్వెత్ యెమెక్’ అంటే లంచం తినడం. చివాట్లు తినడానికి అక్కడ ‘ఫిర్చా యెమెక్’ అంటారు, మాటకు మాట చెబితే బ్రష్షు తినడం. ఫుట్‌బాల్‌లో అవతలివాళ్లు గోలు వేస్తే మన జట్టు ఆ గోలును ‘తింటుంది’. వీటిని ఇంగ్లిష్‌లోంచి అర్థం చేసుకోబోతే ప్రతిదీ విడ్డూరంగానే ఉంటుంది. తెలుగు చెవికి సగానికి పైగా ఇంట్లో మాటల్లా వినిపిస్తాయి.

అపోహ: ఇంత పోలిక ఉందంటే తెలుగు, టర్కిష్ ఒకే తల్లి బిడ్డలు అయ్యుండాలి.

ఈ ఊహ ఈనాటిది కాదు. రాబర్ట్ కాల్డ్వెల్ 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం వెలువరిస్తూ, ఈ భాషలకు తాను ‘సిథియన్’ అని పిలిచిన గుంపుతో చుట్టరికం ఉందని వాదించాడు. టర్కిష్ ఆ గుంపులోదే. నేటి భాషాశాస్త్రం దాన్ని ఒప్పుకోదు. టర్కిష్ టర్కిక్ కుటుంబానిది, తెలుగు ద్రావిడ కుటుంబానిది.

పోలిక ఉన్నది కట్టుబడిలో. క్రియ వాక్యం చివర వస్తుంది. ప్రత్యయాలు ఒకదాని వెనక ఒకటి అతుక్కుంటాయి. అచ్చు పొత్తు కూడా ఉంది. మనం రాముడికి, చెట్టుకు అంటూ ‘కి’, ‘కు’లను ముందున్న అచ్చును బట్టి మార్చినట్టే, వాళ్లు చల్‌మక్, యె‌మెక్ అంటూ ‘మక్’, ‘మెక్’లను మారుస్తారు.

ఈ కట్టుబడి ‘రన్’ చిక్కును కూడా కొంత విప్పుతుంది. ఇంగ్లిష్‌లో ఇంజను ‘రన్’ అవుతుంది, దాన్ని మనిషి ‘రన్’ చేస్తాడు. మాట మారదు. టర్కిష్‌లో ఇంజను చలిష్మక్, మనిషి చలిష్‌తిర్‌మక్. మధ్యలో ‘తిర్’ వచ్చి చేరింది. నడుచు, నడిపించు, చేయు, చేయించు అన్నట్టే. ఇంగ్లిష్ నిఘంటువు రెండు అర్థాలుగా రాసుకున్నదాన్ని మనమూ వాళ్లూ ఒక చిన్న ప్రత్యయంతో చెప్పేస్తాం.

అపోహ: టర్కిష్‌కు ఇప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే కాబట్టి చూసి చదివేయొచ్చు.

1928 నవంబరులో టర్కీ అరబిక్ లిపిని వదిలి 29 అక్షరాల లాటిన్ లిపిని చేపట్టింది. అక్షరాలు తెలిసినవే కానీ పలుకుబడి వేరు. ఇంగ్లిష్ ‘సి’ అక్షరం అక్కడ ‘జ’. ‘సెప్’ అని చదవబోయే మాట నిజానికి ‘జెప్’. పైకి చదివితే మన ‘జేబు’ వినిపిస్తుంది.

రెడ్‌హౌస్ నిఘంటువు పేరు టర్కీలో ఇంటింటా తెలుసు. జేమ్స్ రెడ్‌హౌస్ రూపొందించిన టర్కిష్–ఇంగ్లిష్ నిఘంటువు 1890లో ఇస్తాంబుల్‌లో అచ్చయినప్పుడు టర్కిష్ మాటలు పాత లిపిలోనే ఉన్నాయి. మన బ్రౌన్ తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు వచ్చింది 1852లో. ఈ ఇద్దరు ఇంగ్లిష్‌వాళ్ల శ్రమ వెలకట్టలేనిది. అయితే ఒకరి పుస్తకం తెలుగు నుంచి ఇంగ్లిష్‌కు, మరొకరిది టర్కిష్ నుంచి ఇంగ్లిష్‌కు నడిపిస్తుంది. తెలుగు నుంచి టర్కిష్‌కు దారి మాత్రం మనమే వేసుకోవాలి.

అపోహ: రెండు భాషల్లోనూ ఉన్న మాటలైతే భయం లేదు, అర్థం అదే.

అరబ్బీ, పారసీ మాటలు అటు ఇస్తాంబుల్‌కూ ఇటు హైదరాబాద్‌కూ చేరాయి. చాయ్, దుకాణం, కాగితం, జవాబు, దునియా వాళ్లకూ అర్థమవుతాయి. కానీ కొన్ని మాటలు దారిలో అర్థం మార్చుకున్నాయి. మన గరీబు పేదవాడు, వాళ్ల ‘గరిప్’ ఎక్కువగా వింతైనవాడు. మన తారీఖు కేలండర్‌లోది, వాళ్ల ‘తారిహ్’కు చరిత్ర అనే అర్థం కూడా ఉంది. ముసాఫిర్ అంటే మనం బాటసారి అనుకుంటాం, వాళ్లకు ‘మిసాఫిర్’ అంటే ఇంటికొచ్చిన అతిథి. తెలంగాణలో పుర్సతు అంటే తీరిక, టర్కిష్‌లో ‘ఫిర్సత్’ అంటే అవకాశం.

ఖాళీ చేసే రోజున తాళాలు ఇవ్వడానికి కిందికి వెళ్లాను. ఇంటావిడ చాయ్ పోసి కూర్చోబెట్టింది. పైన మిషన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, “ఫిర్సత్ బులుర్సన్ యినె గెల్” అంది. అవకాశం దొరికితే మళ్లీ రా అని. నా చెవిలో అది ‘పుర్సతు దొరికితే’ అనే పడింది. అర్థం మారిందని తెలిసి కూడా ఈసారి నేను దిద్దుకోలేదు. “గెలిరిమ్” అన్నాను, వస్తాను అని.