మందమైన వాలు అక్షరాలు: ఖరగ్‌పూర్ తెలుగు ఫలకాలకు ఎంతవరకు తగినవి?

మందంగా, గుండ్రంగా, కుడివైపునకు వాలి ఉండే శీర్షికాక్షరాలు చూపరులను ఇట్టే ఆకట్టుకుంటాయి. ప్రకటనలు, శుభలేఖలు, దుకాణాల ఫలకాలపై వీటికి ఆదరణ ఎక్కువ. అయితే ఈ మూడు లక్షణాలూ తెలుగు లిపికి ఒకే తీరున ఒదగవు. తెలుగువారు గణనీయంగా నివసించే ఖరగ్‌పూర్‌లో ఇది చదువరుల సౌలభ్యానికి సంబంధించిన విషయం.

రైలు తెచ్చిన తెలుగు

1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, 20వ శతాబ్ది ఆరంభ కాలంలో ఖరగ్‌పూర్‌ను కూడలిగా, కర్మాగార కేంద్రంగా తీర్చిదిద్దింది. ఉపాధి కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు తరతరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. తెలుగుకు అధికార భాషగా గుర్తింపునిచ్చేందుకు పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో ఆమోదం తెలిపింది. ఫలకాలు, ప్రకటనలు, దరఖాస్తులు తెలుగులో వెలువడాలంటే తగిన అక్షర రూపాల ఎంపిక కూడా అవసరమే.

వాలు ఎక్కడ పుట్టింది?

వాలు అక్షరాలు ఐరోపా ముద్రణ సంప్రదాయానికి చెందినవి. 1501లో వెనిస్ ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్ ప్రచురించిన గ్రంథం కోసం ఫ్రాంచెస్కో గ్రిఫో చేతిరాతను అనుసరించి వీటిని చెక్కారు. తెలుగు ముద్రణలో ఇటువంటి ప్రత్యేక సంప్రదాయం స్థిరపడలేదు. చిత్రకారుల కుంచె సహజమైన వాలును సాధించగలదు. కంప్యూటర్‌లో మాత్రం చాలా సందర్భాల్లో నిలువు అక్షరాన్నే సాఫ్ట్‌వేర్ యాంత్రికంగా పక్కకు వంచుతుంది.

చిక్కులు ఎక్కడ?

అలా వంచినప్పుడు గీతకు పైనున్న గుడులు కుడికి, కిందనున్న వత్తులు ఎడమకు జరుగుతాయి. ఫలితంగా గుణింతపు గుర్తు పక్క అక్షరాన్ని తాకవచ్చు. వత్తు తన స్థానం తప్పినట్లు కనిపించవచ్చు.

మందం పెరిగితే మరో ఇబ్బంది. ‘ప’లో తలకట్టుకు, అక్షరానికి మధ్య ఖాళీ ఉంటుంది, ‘వ’లో ఉండదు. ఆ ఖాళీ పూడిపోతే ‘పంట’ కాస్తా ‘వంట’ అవుతుంది. ‘థ’లోని చుక్క కలిసిపోతే ‘కథ’ను ‘కధ’గా చదివే ప్రమాదం ఉంది.

గుండ్రదనం మాత్రం తెలుగు లిపికి స్వభావసిద్ధం. అష్టదిగ్గజాల్లో ఒకరైన అయ్యలరాజు రామభద్రుడి పేరిట రూపొందిన ‘రామభద్ర’ ఖతి ఇందుకు ఉదాహరణ. సిలికానాంధ్ర అందుబాటులోకి తెచ్చిన ఈ ఖతిలో గీతలు మందంగా, మలుపులు గుండ్రంగా ఉంటాయి. స్వేచ్ఛా అనుమతి పత్రం కింద ఉన్నందున దీనిని ఉచితంగా వాడుకోవచ్చు. దీనికి ప్రత్యేక వాలు రూపం లేదు. యూనికోడ్ ఖతి కావడంతో వెబ్‌సైట్లలోనూ పనిచేస్తుంది.

ఎక్కడ వాడాలి?

రెండు మూడు పదాల శీర్షికలు, ఉత్సవ ప్రకటనలు, మిఠాయి దుకాణాల పేర్లకు మందమైన వాలు అక్షరాలు శోభనిస్తాయి. పరిమాణం పెద్దదిగా, అక్షరాల నడుమ ఎడం తగినంతగా ఉండాలి. పేరాలకు, దరఖాస్తులకు, ఔషధ సూచనలకు ఇవి తగవు.

కదిలే రైలు నుంచి చదవాల్సిన స్టేషన్ ఫలకాలపై పసుపు రంగు మీద నల్లని నిలువు అక్షరాలు కనిపించడం పరిపాటి. దూరం నుంచి, క్షణకాలంలో చదవాల్సిన తెలుగు ఫలకాలకూ అదే పద్ధతి శ్రేయస్కరం. ఏ ఖతినైనా ఖరారు చేసే ముందు ‘పంట’, ‘వంట’, ‘కథ’, ‘స్త్రీ’ వంటి పదాలను ముద్రించి, కొంత దూరం నుంచి చదివి చూస్తే లోపాలు బయటపడతాయి.