మంచుదారిలో వేగరథం

వేగమే స్పోర్ట్స్ కారుకు ప్రాణం. తేలికైన దేహం, శక్తిమంతమైన ఇంజను, నేలను తాకుతున్నట్లుండే నిర్మాణం, వెడల్పయిన టైర్లు దాని ప్రత్యేకతలు. పొడి రహదారిపై శోభనిచ్చే ఈ గుణాలే మంచు కప్పిన దారిలో దోషాలుగా పరిణమిస్తాయి. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో శీతకాలం సుదీర్ఘమైనది. జనవరిలో ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీలకు పడిపోవడం అక్కడ అరుదు కాదు. అటువంటి చోట ఈ వాహనాన్ని నడపడానికీ, కాపాడుకోవడానికీ నేర్పుతోబాటు శాస్త్రజ్ఞానం కూడా అవసరం.

కారును నేలతో కలిపి ఉంచేవి నాలుగు టైర్లే. ఒక్కొక్క టైరు నేలను ఆనుకొనే చోటు ఇంచుమించు అరచేయంత మాత్రమే. ఆ కొద్దిచోటులో కలిగే ఘర్షణ వలననే కారు కదులుతుంది, మలుపు తిరుగుతుంది, ఆగుతుంది. పొడి తారురోడ్డుపై ఘర్షణ గుణకం సుమారు 0.75 ఉంటే, నున్నని మంచుగడ్డపై అది 0.1కి తగ్గిపోతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు బ్రేకు వేశాక పొడిదారిపై సుమారు 13 మీటర్లలో ఆగుతుంది. మంచుగడ్డపై ఆగడానికి దాదాపు 100 మీటర్లు కావాలి. ఇంజనుకు ఎంత శక్తి ఉన్నా ఈ దూరాన్ని తగ్గించలేదు.

అందువలన మొదటి రక్షణ టైర్లలోనే ఉంది. వేసవి టైర్ల రబ్బరు సుమారు 7 డిగ్రీలకు దిగువన గట్టిపడి పట్టు కోల్పోతుంది. శీతకాలపు టైర్ల రబ్బరు చలిలోనూ మెత్తగానే ఉంటుంది. వాటిపై ఉండే సన్నని చీలికలు మంచును పట్టుకొంటాయి. 2008లో క్యూబెక్ ప్రభుత్వం వీటిని చట్టరీత్యా తప్పనిసరి చేసింది. ఇప్పుడు అక్కడ డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు ఈ నియమం అమలవుతుంది. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే కారుకు ఈ టైర్లు అక్కరలేదనుకోవడం పొరపాటు. ఆ ఏర్పాటు కారు కదలడానికి తోడ్పడుతుందే కాని, ఆగడానికి కాదు.

చాలా స్పోర్ట్స్ కార్లలో ఇంజను శక్తి వెనుక చక్రాలకే అందుతుంది. యాక్సిలరేటరును గట్టిగా నొక్కితే ఆ చక్రాలు ఉన్నచోటనే గిరగిర తిరిగి, కారు వెనుకభాగం పక్కకు జారుతుంది. అప్పుడు చోదకుడు కలవరపడి బ్రేకు తొక్కరాదు. యాక్సిలరేటరుపై నుండి పాదం మెల్లగా తీసి, పోవలసిన దిక్కునే చూస్తూ, స్టీరింగును ఆ వైపునకు తిప్పాలి. కారు మంచులో కూరుకుపోతే మరొక ముప్పు పొంచి ఉంటుంది. పొగగొట్టం మూసుకుపోయి ఉండగా ఇంజను నడిపితే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరవచ్చు. రంగూ వాసనా లేని ఆ వాయువు ప్రాణాంతకం. గొట్టం చుట్టూ ఉన్న మంచును తొలగించిన తరువాతనే ఇంజనును నడపాలి.

దారిపై మంచు కరగడానికి చల్లే ఉప్పు కారుకు శత్రువు. ఉప్పునీరు నీటికంటె తక్కువ ఉష్ణోగ్రత వద్ద గడ్డకడుతుంది కనుక దారి తెరుచుకొంటుంది. అయితే అదే ఉప్పునీరు అడుగుభాగాన చేరి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. కాబట్టి కారు అడుగుభాగాన్ని తరచుగా కడగాలి. చలికాలానికి ముందే తుప్పును నిరోధించే నూనె పూత వేయించడం మేలు.

అందుకే పలువురు యజమానులు చలికాలమంతా కారును షెడ్డులోనే ఉంచుతారు. అప్పుడు తేమ చేరకుండా పెట్రోలు ట్యాంకును నింపుతారు. టైర్లలో తగినంత గాలి ఉంచుతారు. చార్జి తగ్గిన బ్యాటరీ గడ్డకట్టే ప్రమాదముంది కనుక దానిని చార్జరుకు కలిపి ఉంచుతారు. గాలి ఆడే గుడ్డతో కారును కప్పుతారు.

చదువుకోసం, ఉద్యోగంకోసం శీతలదేశాలకు వెళ్లే తెలుగు యువతకు మంచుదారి కొత్త. అక్కడ స్టీరింగు పట్టేముందు గ్రహించవలసిన సత్యం ఒక్కటే: కారు ఎంత వేగంగా పోగలదన్నది కాదు, ఎంత దూరంలో ఆగగలదన్నదే ప్రాణాలను నిలుపుతుంది.