మెంతులు, చింతగింజలు, నిన్నటి పేపరు

కొత్త చాటను కొన్నది కొన్నట్టే వాడటం ఒకప్పుడు పల్లెటూళ్లలో ఉండేది కాదు. పాత కాగితాలు నానబెట్టి, నానిన మెంతులతో కలిపి మెత్తగా రుబ్బి, ఆ ముద్దను చాటకు పట్టించి ఎండబెట్టేవారు. వెదురు బద్దల సందులు పూడుకుపోయేవి, నూకలు జారేవి కావు, చాట ఇంకొన్నేళ్లు మన్నేది. ముద్ద మిగిలితే బోర్లించిన బిందె మీద మెత్తి, ఆరాక ఊడదీసి, సుద్దా జాజూ పూసి బుట్టలు చేసుకునేవారు. ఇప్పుడు అదే రకం బుట్ట నగరాల్లో హస్తకళల ఎగ్జిబిషన్లలో 'ఎకో ఫ్రెండ్లీ' చీటీ కట్టుకుని కూర్చుంటోంది.

కాగితం ఎందుకు వాడారో తెలుస్తూనే ఉంది, ఎలాగూ పారేసేదే. మరి మెంతులెందుకు? ఇంట్లో జిగురుకు కరువేమీ లేదు. గంజి ఉంది, మైదా ఉంది, చెట్టుకు తుమ్మ జిగురు ఉంది. డబ్బు పెట్టి కొన్న పోపుదినుసును చిత్తుకాగితాల్లో కలపడం పొదుపు తెలిసిన ఇల్లాలు ఊరికే చేసే పని కాదు. దీని వెనకున్న రసాయనశాస్త్రం చాలా ముచ్చటైనది. పైగా తక్కువ ఖర్చులో ఇంటిని అలంకరించుకోవాలనుకునేవారికి పనికొచ్చేది కూడా. బడుల్లో 'బెస్ట్ ఔట్ ఆఫ్ వేస్ట్' పోటీలని పెడుతుంటారు కదా, ఖాళీ సీసా ఒక్కటే అందులో వేస్టు. దాని మీదకెక్కే గ్లూ గన్నూ, లేసూ, చమ్కీ, స్ప్రే పెయింటూ అన్నీ కొత్తగా కొన్నవే. ఆ డబ్బుతో ఏకంగా మంచి పూలకుండీయే వస్తుంది.

ముందు కాగితం సంగతి. నిన్నటి పేపరును పైనుంచి కిందికి చింపి చూడండి, చీలిక తిన్నగా దిగుతుంది. అడ్డంగా చింపితే ఎటు పడితే అటు పోతుంది. కాగితం మిల్లులో గుజ్జు వేగంగా కదిలే జల్లెడ మీద పడేటప్పుడు అందులోని పోగుల్లో ఎక్కువ భాగం యంత్రం నడిచే దిశకు తలలు తిప్పుకుంటాయి. చెక్కనుంచి వచ్చిన ఈ పోగులు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల పొడవుంటాయి, వెంట్రుక కంటే సన్నం. వాటి ముఖ్య పదార్థం సెల్యులోజ్. అంటే వందలు, వేల గ్లూకోజ్ అణువులు వరసగా చేతులు పట్టుకున్న గొలుసు. గొలుసు పొడవునా ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు బయటికి చూస్తూ ఉంటాయి. పక్క గొలుసు దగ్గరికి రాగానే ఈ జంటలు దాని జంటలతో హైడ్రోజన్ బంధాలు కట్టుకుంటాయి. విడిగా చూస్తే ఒక్కో బంధం బలహీనమైనదే. కోట్లలో ఉంటాయి కాబట్టే కాగితం చిరగడానికి కాస్త బలం కావాలి.

నీళ్లలో వేస్తే నీటి అణువులు ఆ జంటల మధ్య దూరి తామే బంధాలు కట్టుకుంటాయి. పోగుకూ పోగుకూ ఉన్న పట్టు వదులుతుంది, కాగితం గుజ్జవుతుంది. ఆరేటప్పుడు ఇదంతా వెనక్కి నడుస్తుంది. పోగుల మధ్య సన్నటి పొరగా మిగిలిన నీరు తలతన్యత వల్ల వాటిని దగ్గరికి లాగుతుంది. ఆఖరి నీరు ఆవిరయ్యేసరికి పోగులు ఆనుకుని ఉంటాయి, తెగిన బంధాలు మళ్లీ ముడిపడతాయి. ఈ పని జిగురు లేకుండానే జరుగుతుందనడానికి కిరాణా కొట్లోని గుడ్ల అట్టే సాక్ష్యం. పాత పేపర్ల గుజ్జును జల్లెడ అచ్చు మీదకు పీల్చి, నీరు లాగేసి ఆరబెడితే తయారైన అట్ట అది. పోగుల సొంత పట్టు మీదే నిలబడి ముప్పై గుడ్లు మోస్తుంది. ఇంట్లో గుజ్జు పని మొదలుపెట్టేవారికి ఇంతకంటే తేలికైన ముడిసరుకు లేదు. ముక్కలు చేసి నానబెడితే త్వరగా విడిపోతుంది.

మెరిసే మ్యాగజైన్ కాగితం మాత్రం వద్దు. దాని నునుపంతా పోగుల మీద పూసిన తెల్లమట్టిది, నానబెడితే గుజ్జు కంటే బురద ఎక్కువ తేలుతుంది. ప్లాస్టిక్ పూత ఉన్న టీ కప్పులు నానవు. ఏటీఎం చీటీలు, షాపుల బిల్లులు రసాయన పూత ఉన్న థర్మల్ కాగితాలు, వాటిని పిసికే పని అసలే పెట్టుకోకండి.

రాత్రంతా నానిన కాగితాన్ని ఎలా రుబ్బాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ బుట్ట బలమంతా అక్కడే ఉంది. మిక్సీలో వేస్తే రెండు నిమిషాల పని. అయితే మిక్సీ బ్లేడు పోగును కోస్తుంది. పొట్టి పోగులకు ఒకదానితో ఒకటి పెనవేసుకునే వీలు తక్కువ. రోట్లో దంచితే పోగు అంతగా తెగదు, నలుగుతుంది. దాని పై పొర చీలి సన్నటి నూగు లేస్తుంది, ఆ నూగు పక్క పోగులను పట్టుకోవడానికి కొత్త చోటు ఇస్తుంది. కాగితం మిల్లుల్లోనూ గుజ్జును యంత్రాల మధ్య నలిపే దశ ఒకటి తప్పనిసరిగా ఉంటుంది, ఉద్దేశం ఇదే. నున్నటి పైపూతకు మిక్సీ గుజ్జు బాగుంటుంది. బరువు మోయాల్సిన బుట్ట గోడకైతే రోటి గుజ్జుకే నా ఓటు. రోలు లేనివారు నానిన కాగితాన్ని బక్కెట్లో వేసి పప్పుగుత్తితో ఓపికగా మెదిపినా చాలు.

ఇక జిగురు. మైదా, గంజి రెండింట్లోనూ ఉన్నది పిండిపదార్థం. అదీ గ్లూకోజ్ గొలుసే, సెల్యులోజ్‌కు తోబుట్టువే. తేడా అంతా ముడి దగ్గర ఉంది. సెల్యులోజ్‌లో ఒక్కో గ్లూకోజ్ తన ముందున్నదానికి తలకిందులుగా కూర్చుంటుంది, అందువల్ల గొలుసు రిబ్బనులా తిన్నగా సాగుతుంది. పిండిపదార్థంలో అన్నీ ఒకే వైపు కూర్చోవడంతో గొలుసు వంపు తిరిగి చుట్టుకుంటుంది. మనం అన్నం అరిగించుకోగలిగి, కాగితం అరిగించుకోలేకపోవడానికీ ఈ ముడే కారణం. పిండి గింజల్లో ఈ గొలుసులు గట్టిగా సర్దుకుని ఉంటాయి. సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా నీటిని పెద్దగా లోపలికి రానివ్వవు. మైదాను చన్నీళ్లలో కలిపి కాగితానికి పూస్తే ఆరాక పొడిగా రాలిపోయేది అందుకే. ఉడికించి తీరాలి. సినిమా పోస్టర్లు అంటించేవాళ్లకు, పుస్తకాల బైండింగ్ చేసేవాళ్లకు ఇది తెలిసిన విద్య. వాళ్లు అందులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కూడా వేస్తారు. అది విషం, పిల్లలు తిరిగే ఇంట్లో వద్దు.

మెంతులకు పొయ్యి అక్కర్లేదు. నానబెట్టిన మెంతులు వేళ్లకు జిడ్డుజిడ్డుగా తగలడం అందరికీ అనుభవమే. ఆ జిగటలోని పదార్థం గెలాక్టోమన్నన్. మొలకెత్తేటప్పుడు తడి నిలుపుకోవడానికి, తర్వాత తిండిగా వాడుకోవడానికి గింజ దాచుకున్న సరుకు అది. దాని వెన్నెముక మన్నోజ్ అనే చక్కెర గొలుసు. అది సెల్యులోజ్‌లాగే తిన్నటిది, ముడి కూడా అదే రకం. వెన్నెముకకు పక్కన గెలాక్టోజ్ కొమ్మలు మొలిచి ఉంటాయి. కొమ్మలు నీటిని పట్టుకుని గొలుసును కరిగేలా చేస్తే, తిన్నటి వెన్నెముక కాగితపు పోగు మీద పొడవునా పడుకుని హైడ్రోజన్ బంధాలతో అతుక్కుంటుంది. అంటే పోగు మీద అదే జాతి గొలుసు వచ్చి కూర్చుంటోందన్నమాట. కాగితం మిల్లులు ఈ కిటుకును మరో గింజతో వాడుకుంటాయి. గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ గమ్‌ను గుజ్జులో కలిపి కాగితానికి బలం తెస్తారు, అదీ గెలాక్టోమన్ననే. గోరుచిక్కుడులో సుమారు రెండు మన్నోజ్‌లకు ఒక కొమ్మ ఉంటే, మెంతుల్లో దాదాపు ప్రతి మన్నోజ్‌కూ ఒకటి ఉంటుంది. అందుకే మెంతి జిగట చన్నీళ్లలోనే కరిగిపోతుంది. ఆ జిగట చేరిన గుజ్జు చేతిలో విడిపోదు, చపాతీ పిండిలా చెప్పినట్టు వింటుంది. గుప్పెడు మెంతులతో వచ్చే లాభం ఇదీ.

తెలుగు చేతివృత్తులవారు ఎంచుకున్న గింజ ఇంకొకటి ఉంది, చింతగింజ. కొండపల్లి బొమ్మలో తెల్ల పొణికి చెక్క ముక్కలు అతికేది 'మక్కు'తో. రంపపు పొట్టు, చింతగింజల పొడి కలిపి చేసే ముద్ద అది. చేర్యాల నకాశీ చిత్రకారులు బట్టకు పూసే పూతలో సుద్దతోపాటు చింతగింజల జిగురు ఉంటుంది. వాళ్లు చేసే మాస్కులకూ రంపపు పొట్టు, చింతగింజల ముద్దే ఆధారం, చిన్న మాస్కులకైతే కొబ్బరి చిప్పే లోపలి ఎముక. చింతగింజలోని పదార్థం జైలోగ్లూకాన్. దాని వెన్నెముక సెల్యులోజ్ లాంటిది కాదు, అచ్చంగా సెల్యులోజ్ గొలుసే, పక్కన కొమ్మలు మాత్రం అదనం. చాలా మొక్కల కణాల గోడల్లో సెల్యులోజ్ పోగులను అంటిపెట్టుకుని ఉండేది ఈ జైలోగ్లూకానే. చింతచెట్టు దాన్ని గింజలో తిండిగా నిల్వ చేసుకుంటోంది, అంతే. చెక్కను, బట్టను, కాగితాన్ని అది అంత గట్టిగా పట్టుకుంటుందంటే వింతేముంది? జనపనార, నూలు మిల్లులు దారానికి గంజి పెట్టడానికి చింతగింజల పొడి టన్నుల్లో కొంటాయి. మనకు అది పులుసు పిసికాక చెత్తబుట్టలో పడేది. వేయించి పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, చిక్కబడేదాకా ఉడికించాలి. మెంతుల కంటే చాకిరీ ఎక్కువ, ఖర్చు సున్నా.

కాశ్మీరులో ఇదే గుజ్జుకళ పెద్ద పరిశ్రమ. సుల్తాన్ జైనుల్ ఆబిదీన్ కాలంలో, అంటే 15వ శతాబ్దంలో, మధ్య ఆసియా, పర్షియా నిపుణుల ద్వారా అక్కడ వేళ్లూనిందంటారు. అక్కడి జిగురు బియ్యపు పిండి. గుజ్జును అచ్చుకెక్కించేవారు వేరు, రంగులు వేసే నక్కాష్‌లు వేరు.

ఆరబెట్టడం దగ్గర చాలామంది పని చెడుతుంది. స్టీలు గిన్నె బోర్లించి, పాత చీర ముక్క తడిపి కప్పి, దాని మీద గుజ్జును చిటికెన వేలి మందాన మెత్తారనుకోండి. నేరుగా ఎండలో పెడితే గంటలో పైపొర ఆరి తెల్లబడుతుంది, లోపల ఇంకా చెమ్మే. పోగు తడికి పొడవులో పెద్దగా పెరగదు, లావులో ఉబ్బుతుంది. ఆరితే అంతే తగ్గుతుంది. పైపొర కుంచించుకుపోవాలని చూస్తుంది, లోపలి తడి పొర కదలనివ్వదు, దాంతో అంచు దగ్గర నెర్రె విచ్చుతుంది. గిన్నె మీద మెత్తిన గుజ్జుకు ఇంకో చిక్కు, కుంచించుకుంటూ గిన్నెనే బిగించి పట్టుకుంటుంది. అందుకే మొదటిరోజు నీడలో, గాలి తగిలేచోట ఉంచి, సగం ఆరి తోలులా అయ్యాక గిన్నె ఊడదీసి, ఆ తర్వాత ఎండ చూపించాలి. గిన్నె లోపలివైపు మెత్తితే ఈ బాధ లేదు, ఆరేకొద్దీ గుజ్జు తనంతట తానే గోడ నుంచి విడివడుతుంది. మెత్తే ముందు గుజ్జును గట్టిగా పిండేయడం అన్నిటికంటే ముఖ్యం. ఎంత నీటితో మొదలుపెడితే అంత కుంచించుకుపోతుంది. కత్తిరించిన కొబ్బరి పీచు కాస్త కలిపితే నెర్రెలు తగ్గుతాయి. పీచులో లిగ్నిన్ అనే గట్టి పదార్థం 40 శాతం దాకా ఉంటుంది కాబట్టి తొందరగా కుళ్లదు కూడా.

అదే లిగ్నిన్ పేపరుకు శత్రువు. న్యూస్‌ప్రింట్ ఎక్కువగా చెక్కను నూరి చేసిన గుజ్జు, లిగ్నిన్ అందులోనే ఉండిపోతుంది. వెలుతురుకు, గాలికి అది పసుపు తిరుగుతుంది, ఆమ్లాలు పుట్టి పోగులు పెళుసవుతాయి. పైన సుద్ద పూత వేస్తే రెండు లాభాలు. రంగుకు తెల్లటి నేల దొరుకుతుంది, సుద్దలోని కాల్షియం కార్బొనేట్ ఆమ్లాన్ని విరుస్తుంది. సుద్ద కొనక్కర్లేదు. గుడ్డు పెంకులో 90 శాతానికి పైగా ఉన్నది ఈ పదార్థమే. కడిగి, ఎండబెట్టి, మెత్తగా పొడి చేసి, వస్త్రగాళితం పట్టి చింతగింజల జిగురులో కలిపితే పూత తయారు.

తడి తగలకుండా ఉండాలంటే అవిసె నూనె పూయొచ్చు. గాలిలోని ఆక్సిజన్ తగిలి దాని అణువులు ఒకదానికొకటి అల్లుకుని గట్టి పొరవుతాయి. 1772లో బర్మింగ్‌హామ్‌కు చెందిన హెన్రీ క్లే పేటెంటు తీసుకున్న పద్ధతిలో కాగితపు పొరలను ఇలాగే నూనె పట్టించి, వేడిలో కాల్చి, ట్రేలూ బగ్గీల పలకలూ చేశారు. ఇంట్లో ఉంది కదా అని ఆముదం పూయకండి, అది గట్టిపడే నూనె కాదు, ఎన్నాళ్లైనా జిడ్డే. అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయడం అంతకంటే ప్రమాదం. ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు పుట్టే వేడికి ఆ గుడ్డ తనంతట తానే అంటుకోగలదు. పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచాలి. చమ్కీ జోలికి పోవద్దంటాను. అది చాలావరకు అల్యూమినియం పూసిన ప్లాస్టిక్ ముక్క. విడి ప్లాస్టిక్ చమ్కీ అమ్మకాన్ని యూరోపియన్ యూనియన్ 2023 అక్టోబరు నుంచి ఆపేసింది కూడా. గోరింటాకు కోను కవరులో సుద్దముద్ద నింపి గీసిన ముగ్గు దానికంటే అందం.

కాకినాడ, విశాఖ వంటి తీరప్రాంతాల వారు వానాకాలంలో ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది. గాలిలో తేమ 70 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే కాగితం మీద బూజు పడుతుంది. అనంతపురంలో ఆ దిగులు తక్కువ. మెంతుల చేదుకు పురుగు రాదని పెద్దలంటారు, నేను ఆ చేదు మీదే భారం వేయను. చెదపురుగు పొట్టలోని సూక్ష్మజీవులు సెల్యులోజ్‌నే అరిగిస్తాయి. పాత పుస్తకాల్లో పాకే వెండి రంగు పురుగుకు మైదా జిగురంటే విందు. బుట్టను చెమ్మ గోడకు ఆనించకుండా, వెనక గాలి ఆడేలా మేకు కాస్త ముందుకు కొట్టి వేలాడదీస్తే సగం బెడద తప్పుతుంది. బుట్టలో తాళంచెవులు, దారపు ఉండలు, ఎండిన పూలు పెట్టుకోండి, మురుకులు వద్దు. పేపరు సిరాలోని పదార్థాలు తిండికి అంటుతాయని, ఆహారాన్ని పేపరులో చుట్టొద్దని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లోనే హెచ్చరించింది. గుజ్జు చేసినంత మాత్రాన సిరా ఎక్కడికీ పోదు.

బుట్ట విరిగితే మళ్లీ నానబెట్టి ఇంకొకటి చేయొచ్చు, కాకపోతే రెండోసారి అంత బలం రాదు. ఒకసారి పూర్తిగా ఎండిన పోగు మళ్లీ నీళ్లు తాగినా మునుపటంత ఉబ్బదు, లోపలి సందులు కొన్ని శాశ్వతంగా మూసుకుపోతాయి. అలాంటి గుజ్జుకు రెండింతల మెంతులు, కొంచెం కొత్త కాగితం కలపాలి. అదీ ఓపిక లేకపోతే, పెయింటు వేయని బుట్టను తుంపి కూరగాయల తొక్కలతోపాటు కంపోస్టు తొట్టిలో వేయండి. తొక్కల నుంచి ఊరే నీటిని కాగితం పీల్చుకుంటుంది, వాసన తగ్గుతుంది.