తరువాతి గ్రంథము – ఆకాంక్షా యోగ్యతా సన్నిధి విచారము

"ఇక నేమి చదువవలెను?" అను ప్రశ్న ప్రాచ్యకళాశాలాధ్యాపకులకు నిత్యపరిచితము. ఒక కావ్యమును ముగించిన విద్యార్థి, ఉద్యోగవిరమణానంతరము చదువునకు మరలిన గృహస్థు, సంస్కృతము రాకున్నను సాహిత్యరుచి గల వర్తకుడు, అందఱును మనల నడుగు ప్రశ్న యిదియే. మనము దీనికి తఱచుగా విచారింపకయే సమాధానము చెప్పుదుము. మనకు ప్రియమైన గ్రంథమునో, లోకమున మిక్కిలి గొప్పదని పేరుగన్న గ్రంథమునో పేర్కొని యూరకుందుము. ఒక ప్రయోగమునకు సైతము ప్రమాణ మడుగు మనము ఈ విషయమున మాత్రము నియమమేదియు లేక పలుకుట చింత్యము. గ్రంథనిర్దేశమునకును ఒక శాస్త్రీయమైన క్రమము కలదనియు, అది మనకు క్రొత్తది కాదనియు నిరూపించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

ఆంధ్రుడైన అన్నంభట్టు బాలవ్యుత్పత్తికై రచించిన తర్కసంగ్రహమున, వాక్యార్థజ్ఞానమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడింటిని హేతువులుగా చెప్పెను. ఒక పదము మఱియొక పదము లేనిదే అన్వయమును కలిగింపజాలకుండుట ఆకాంక్ష. అర్థమునకు బాధ లేకుండుట యోగ్యత. పదములను విలంబము లేక ఉచ్చరించుట సన్నిధి. ఆవు, గుఱ్ఱము, మనుష్యుడు, ఏనుగు అని వరుసగా పలికినంత మాత్రమున వాక్యము కాదు, ఆకాంక్ష లేదు గనుక. నిప్పుతో తడుపుమనినచో యోగ్యత లేదు. ఆవును తెమ్మను మాటలనే జామునకొకటిగా పలికినచో సన్నిధి లేదు. ఈ ఉదాహరణములు మన విద్యార్థులకు కంఠస్థములు. చదివిన గ్రంథము ప్రక్కన చదువవలసిన గ్రంథమును చేర్చుటయు ఒక వాక్యరచన వంటిదే యని నా యభిప్రాయము. ఈ మూడింటిలో ఏది లోపించినను పుస్తకము చేతిలో నుండును గాని చదువు సాగదు. ఈ సంగతి నాకు శాస్త్రముచే గాక నా అపరాధముచే తెలిసినది. కావున ముందుగా దానిని చెప్పెదను.

నేను నివసించు పోచంపాడు ఆర్మూరునకు ఉత్తరమున గోదావరి యొడ్డున నున్నది. 1963 జూలై 26వ తేదీన నెహ్రూగారు ఇచట ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. 1978లో ఆ ప్రాజెక్టునకు శ్రీరామసాగరమని పేరు పెట్టిరి. ఈ ప్రాంతము పసుపు పంటకు ప్రసిద్ధము. సుమారు నలువది సంవత్సరములకు పూర్వము ఒక పసుపు రైతు కుమారుడు సాయంకాలములందు మా యింటికి వచ్చి పాఠము చెప్పించుకొనెడివాడు. అమరకోశమున వైశ్యవర్గము జరుగుచుండగా, రాత్రికి గల పేర్లన్నియు పసుపునకును పేర్లగునని చెప్పు చోటు వచ్చినది. "పంతులుగారూ, పసుపుకు రాత్రి పేరు ఎందుకు వచ్చింది?" అని యాతడడిగెను. కోశము వల్లె వేయుటకే గాని విచారించుటకు కాదని గద్దించితిని. తరువాత రఘువంశ ద్వితీయసర్గ ముగిసిన నాడు, "ఇగ ఏం సదవాలె పంతులుగారూ?" అని యడిగెను. నేను నా పెట్టెలోని నైషధమును తీసి యిచ్చితిని. నెల దినములకు ఆ పుస్తకము చక్కగా బట్టలో చుట్టబడి తిరిగి వచ్చెను. ఆ విద్యార్థి మాత్రము మరల రాలేదు. వానికి మేధ చాలలేదని నేను చాల కాలము చెప్పుకొంటిని. చాలనిది నా విచారమని తెలియుటకు నాకు వార్ధక్యము రావలసి వచ్చెను.

ఆకాంక్ష

ఒక గ్రంథము ముగిసినపుడు చదువరి మనస్సున ఏదో ఒక శేషము మిగులును. అదియే ఆకాంక్ష. నిర్దేశకుడు మొదట చేయవలసినది గ్రంథమును పేర్కొనుట కాదు, "చదివినదానిలో నీకేమి మిగిలినది?" అని యడుగుట. ఒకే గ్రంథమును చదివిన నలుగురికి నాలుగు విధములైన ఆకాంక్షలుండవచ్చును.

రఘువంశమునే ఉదాహరణముగా గ్రహింతము. ఇది పందొమ్మిది సర్గల కావ్యము. దిలీపుడు నందినిని సేవించిన కథ చదివి, తరువాతి కథ యేమని యడుగువానికి, గురుదక్షిణకై పదునాలుగు కోట్లు కోరి వచ్చిన కౌత్సుని వృత్తాంతము గల పంచమసర్గ చాలును. అష్టమసర్గలోని అజవిలాపము చదివి మనసు కరగినవానికి కుమారసంభవ చతుర్థసర్గలోని రతివిలాపమును చూపవలెను. రెండును వియోగినీ వృత్తములే. ఒకే నడకలో భర్త దుఃఖమును, భార్య దుఃఖమును కాళిదాసు ఎట్లు వేఱుచేసెనో విద్యార్థి తానే కనిపెట్టును.

చతుర్దశసర్గలో సీతాపరిత్యాగము చదివి, "రాముడు ఇట్లు చేయవచ్చునా?" అని అశాంతి నొందినవాడు ఉత్తమాధికారి. వానికి లక్షణగ్రంథ మిచ్చుట అన్యాయము. ఆ ప్రశ్ననే పట్టుకొని రచింపబడిన భవభూతి ఉత్తరరామచరితమును ఇయ్యవలెను. పిదప దిఙ్నాగుని కుందమాల. తెలుగున ఆ కథను తిక్కన నిర్వచనోత్తరరామాయణమునను, కంకంటి పాపరాజు ఉత్తరరామాయణమునను నిర్వహించిన తీరులను సరిచూచినచో, ఒక్క సందేహము ఒక సంవత్సరపు చదువగును.

మా గోదావరి ప్రాంతమువారికి మఱియొక మార్గము కలదు. రఘువంశ త్రయోదశసర్గలో పుష్పకమునుండి రాముడు సీతకు దారిలోని చోట్లను చూపుచుండగా, విమానపు చిఱుగంటల సవ్వడి విని గోదావరీ సారసపంక్తులు ఎదురేగి వచ్చుచున్నట్లు వర్ణన యున్నది. ఉత్తరరామచరిత తృతీయాంకమున తమసా మురలలను నదులు పాత్రలై మాటాడుకొనును. రాముని విషయమున జాగరూకురాలవై యుండుమని లోపాముద్ర గోదావరికి పంపిన సందేశమును మురల తెచ్చును. హాలుని గాథాసప్తశతిలో గోలా యను పేర ఈ నదియే పామరజనుల ప్రణయములకును కష్టములకును సాక్షిగా కనబడును. నదిని పట్టుకొని నడచినచో సంస్కృతమునుండి ప్రాకృతమునకు తెలియకయే చేరుదుము.

యోగ్యత

ఆకాంక్ష యున్నను యోగ్యత లేనిదే అన్వయము కుదురదు. యోగ్యత యనగా బుద్ధిబలము మాత్రమే కాదు. ఆ గ్రంథము చదువరి నుండి ముందుగా నాశించు సామగ్రి వానియొద్ద నుండుట. ఇరువదిరెండు సర్గల నైషధమునే చూడుడు. త్రయోదశసర్గలోని పంచనలీయమున శ్లేషచే ఒక్క మాటకు పలువురియందు అన్వయము చెప్పవలసి యుండును. సప్తదశసర్గలో చార్వాకమతవాదము వచ్చును. దర్శనపరిచయము, శ్లేషాభ్యాసము లేనివానికి దానిని ఇచ్చుట నిప్పుతో తడుపుటయే. నేను చేసినది సరిగా అదియే.

నలకథయందు కోరిక గల తెలుగు విద్యార్థికి సోపానక్రమము వేఱు. మొదట నన్నయ యారణ్యపర్వములోని నలోపాఖ్యానము. పిదప ఎనిమిది ఆశ్వాసముల శ్రీనాథుని శృంగారనైషధము. అది ముగించినవానికి శ్రీహర్షుని పేరు చెప్పనక్కఱ లేదు, తానే యడుగును.

పాఠశాలలలో రఘువంశ కుమారసంభవ మేఘసందేశములు, పిమ్మట కిరాత మాఘములు, తుదకు నైషధము అను క్రమ మూరక యేర్పడలేదు. ఈ యాఱింటికిని వ్యాఖ్యలు రచించిన కోలాచల మల్లినాథసూరి మన మెదకు ప్రాంతమువాడు. కాళిదాసత్రయమునకు సంజీవని, కిరాతమునకు ఘంటాపథము, మాఘమునకు సర్వంకష, నైషధమునకు జీవాతువు ఆయన యిచ్చిన చేయూతలు. మూలమున లేనిది వ్రాయననియు, అపేక్షింపబడనిది పలుకననియు ఆయన చేసిన ప్రతిజ్ఞ గ్రంథనిర్దేశకులకును వర్తించును. కిరాతపు మొదటి మూడు సర్గలకు పాషాణత్రయమని పేరు. ఆ రాళ్లను చూచి బెదరువానికి, ఘంటాపథము తోడు లేక కిరాతము నీయరాదు.

పద్యమున ఇంకను చొరవలేనివానికి చిన్నయసూరి నీతిచంద్రిక యున్నది. దానినుండి హితోపదేశమునకును, కథారుచి పెరిగినచో కేతన దశకుమారచరిత్రమునకును, దానినుండి దండి మూలమునకును పోవచ్చును. కథలో కథ చిక్కుపడినచో ఆనందించువానికి పింగళి సూరన కళాపూర్ణోదయమును మించినది లేదు. పాడుకొనుటకు వీలగునది కోరువానికి పాల్కురికి సోమన బసవపురాణము, రంగనాథరామాయణము అను ద్విపదకావ్యములు తగినవి. గోదావరి దిగువనున్న ధర్మపురి శేషప్పకవి నరసింహశతకము మా పల్లెలలో అక్షరాస్యులు కానివారికిని కొంత వచ్చును. వచ్చినదానినుండి రానిదానికి దారి వేయుట సులభము. అలంకారశాస్త్రమున అడుగిడువానికి కువలయానందము తరువాత, ఓరుగంటి విద్యానాథుని ప్రతాపరుద్రీయమును, మల్లినాథుని కుమారుడైన కుమారస్వామి సోమపీథి రత్నాపణముతో కూడ చెప్పవలెను.

సన్నిధి

ఆకాంక్షాయోగ్యతలు రెండును కుదిరియు, పుస్తకము ఆఱు నెలలకు చేతికి వచ్చినచో, అది జామునకొక పదము పలికినట్లే. వేడి చల్లాఱిన పిదప గ్రంథ మేమి చేయగలదు? పూర్వము ఈ సన్నిధిని కలిగించినవారు మహోపకారులు. 1854లో వావిళ్ల రామస్వామిశాస్త్రులవారు మదరాసున నెలకొల్పిన ముద్రణాలయము సంస్కృతకావ్యములను తెలుగు లిపిలో వ్యాఖ్యలతో అందించినది. నాగరి లిపికి అలవాటుపడని మన విద్యార్థులకు లిపియు సన్నిధిలో భాగమే యని మఱువరాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము స్థాపితమైనది. 1938లో వట్టికోట ఆళ్వారుస్వామిగారు దేశోద్ధారక గ్రంథమాలను ప్రారంభించిరి. ఆయనయు దాశరథిగారును నిజాము పాలనలో మా నిజామాబాదు జైలున బంధింపబడినవారు. ఈ జిల్లా విద్యార్థి ప్రబంధములతో విసిగినపుడు అగ్నిధారను, ప్రజల మనిషిని, సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్రను చేతికిచ్చుట దోషము కాదు. ఈ చివరి గ్రంథము ప్రాచీనకావ్యములనుండియే జనజీవనమును వెలికిదీసినది. దానిని చదివినవాడు మరల కావ్యములకే వచ్చును.

నేడు స్థితి మాఱినది. దుర్లభములైన పాత ముద్రణములు అనేకము ఛాయారూపమున ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి చోట్ల ఉచితముగా లభించుచున్నవి. నా విద్యార్థులు వానిని సెల్‌ఫోనులో చూపుదురు. కాని వేయి గ్రంథములు ఒక్కమాఱు ఎదుట నిలుచుట సన్నిధి కాదు. అది ఆవు, గుఱ్ఱము, మనుష్యుడు, ఏనుగు అను పదసమూహము వంటిది. కావున నిర్దేశకుని పని తగ్గలేదు, పెరిగినది. ఒక్క గ్రంథమును, అందును ఒక్క సర్గను, వీలైనచో అది యున్న పుటను చూపగలవాడే నేటి యుపకారి.

తాత్పర్యము

విశ్వనాథపంచాననుడు భాషాపరిచ్ఛేదమున ఈ మూడింటితో తాత్పర్యజ్ఞానమును గూడ చేర్చెను. తాత్పర్యమనగా వక్త యొక్క ఇచ్ఛ. ఈ నాలుగవదానిని నేను చాల కాలము శబ్దఖండమునకే పరిమితముగా బోధించితిని. ఆ సాయంకాలము నైషధము నిచ్చినపుడు నా ఇచ్ఛ యేమి? బాలుడు చదువవలెనను కోరిక కొంత. పండితులకు ఔషధమనబడు గ్రంథము నాకు వచ్చునని తెలుపు కోరిక యధికము. వాడు రాత్రికిని పసుపునకును గల సంబంధమును అడిగిన నాడు, గురుబాలప్రబోధిక యను తెలుగు టీకతో అమరకోశమును వాని ముందుంచి, "ఇద్దఱము చూతము రమ్ము" అని యుండవలసినది. వాని ఆకాంక్ష తన యింటి పంటనుండి పుట్టినది. అట్టి ఆకాంక్ష మరల మరల దొరకదు.

గత ఫాల్గుణమున ఆర్మూరులో ఆతడు నాకు కనబడెను. పసుపు కొమ్ములను మార్కెట్టుకు పంపించుచుండెను. నన్ను గుర్తించి, పాదములకు నమస్కరించి, "పంతులుగారూ, మా బిడ్డ కాలేజీల సంస్కృతం తీసుకున్నది. నా పాత రఘువంశం రెండో సర్గ సదివింది. ఇగ ఏం సదవాలె అని నన్ను అడుగుతున్నది. నాకేం తెలుసు? మీరే చెప్పుండ్రి" అనెను. వాని మాటలో నిష్ఠూరము లేదు. అదియే నన్ను మిక్కిలి బాధించెను.

మఱునాడు ఆ బాలిక పోచంపాడు వచ్చినది. ఈ మాఱు పెట్టె తెఱవలేదు. "చదివినదానిలో నీకేమి మిగిలినది, బిడ్డా?" అని అడిగితిని. ఆమె కొంత తడవు ఆలోచించి, "తాతగారూ, ఆవు వెంట రాజు నడిచిన అడవి బాగున్నది. ఆ చెట్లూ పక్షులూ ఇంకా ఎక్కడైనా చెప్పిండా?" అనెను. త్రయోదశసర్గను తీసి, గోదావరి సారసముల శ్లోకమున గుర్తు పెట్టి యిచ్చితిని. మూడవ నాడే మరల వచ్చి, ఆ పక్షులు ఇప్పుడు మన గోదావరిపై ఉన్నవా యని యడిగినది. ఆనకట్ట వఱకు పోయి చూతమని చెప్పి, ఉత్తరరామచరితమును గూడ చేత బట్టుకొని బయలుదేరితిని.