మొగ నీటిలో చల్లని వెలుగు

కోనసీమ అనగానే మన మనసులో మెదిలేవి పగటి దృశ్యాలే. కొబ్బరి తోటలు, వరి మడులు, కాలువ గట్లు, లంక భూముల్లో అరటి గెలలు. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ విస్తరించి, మధ్యలో వైనతేయ చీల్చుకుని పారే ఈ సీమను చూడవచ్చిన కుటుంబాలు పొద్దు గుంకగానే బసకు చేరుకుంటాయి. అయితే ఈ నేలకు చూడదగిన రాత్రి కూడా ఉంది. నది కడలిలో కలిసే చోటును ఇక్కడివారు మొగ అంటారు. చంద్రుడు లేని కొన్ని రాత్రులలో ఆ ఉప్పునీటిలో చేయి ఆడిస్తే, వేళ్ల సందుల నుంచి సన్నని వెలుగు చుక్కలు రాలుతాయి. నిప్పు లేదు, వేడి లేదు, దీపం లేదు. నీరే వెలుగుతున్నట్లు ఉంటుంది.

ఈ దృశ్యాన్ని చూసి ఆనందించడం తేలిక. అది చెప్పే కబురును అర్థం చేసుకోవడం మాత్రం కొంత శ్రమతో కూడిన పని. ఈ వ్యాసంలో మేము పాఠకులతో పంచుకోదలచింది ముఖ్యంగా ఆ రెండో సంగతినే.

నెలవంకను బట్టి ప్రయాణం

నీటి వెలుగును చూడాలంటే మొదట కావలసింది చీకటి. ఈ విషయంలో మన ఇళ్లలో ఒక సౌకర్యం ఉంది. హిజ్రీ నెల చంద్రుని గమనాన్ని బట్టి సాగుతుంది కనుక ఏ తేదీన ఆకాశం ఎలా ఉంటుందో మనకు వేరే పంచాంగం చూడనక్కరలేదు. 13, 14, 15 తేదీలు నిండు వెన్నెల రాత్రులు. అప్పుడు వెళితే నిరాశే మిగులుతుంది. నెల చివరి రెండు మూడు రాత్రులు, కొత్త నెలవంక తొందరగా అస్తమించే తొలి రెండు రాత్రులు ఇందుకు అనువైనవి. అయితే ఆ రోజుల్లోనే సముద్రపు ఆటుపోటులు కూడా బలంగా ఉంటాయి. కాబట్టి స్థానిక మత్స్యకారుల మాట వినకుండా, వారి తోడు లేకుండా మొగలో దిగరాదు.

రుతువు కూడా ముఖ్యమే. వర్షాకాలంలో గోదావరి వరద బురదనీటిని మోసుకొస్తుంది. అప్పుడు మొగ వద్ద కూడా మంచినీటి పాలే ఎక్కువ. నదిలో ప్రవాహం తగ్గి ఉప్పునీరు పైకి ఎగదన్నే శీతాకాలంలో, ఆ తరువాతి నెలల్లో నీరు తేటపడుతుంది. అప్పుడు కూడా ప్రతి రాత్రీ వెలుగు కనిపిస్తుందన్న హామీ ఏమీ లేదు.

గడచిన శీతాకాలంలో, ఒక హిజ్రీ నెల ముగియడానికి రెండు రోజుల ముందు, మేము రాజోలు నుంచి బయలుదేరాము. పాశర్లపూడి దాటి, వైనతేయపై వంతెన మీదుగా బోడసకుర్రు చేరి, అక్కడి నుంచి ఓడలరేవు వైపు సాగాము. దారిలో ఇషా నమాజు ముగించుకున్నాము. మాతోపాటు పిల్లలు, ఇంటి స్త్రీలు, ఆ ప్రాంతంలోనే రొయ్యల చెరువు సాగు చేసే మా మామూ ఉన్నారు.

ఉప్పుటేరు ఒడ్డున వాహనాల దీపాలు ఆర్పించి, సెల్‌ఫోన్లు జేబుల్లో పెట్టించి, మామూ అందరినీ ఊరకే కూర్చోమన్నారు. మనిషి కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోను వెలిగించినా ఆ సమయమంతా వృథా. పిల్లలకు ఆ అరగంట చాలా దీర్ఘంగా తోచింది. ఆ తరువాత పడవవాడు తెడ్డును నీటిలో ముంచి తిప్పాడు. తెడ్డు చుట్టూ పాలిపోయిన వెలుగు ఒక్క క్షణం సుడి తిరిగి ఆరిపోయింది. మరోసారి తిప్పాడు, మరోసారి వెలిగింది. ఎవరూ చెప్పకుండానే అందరి నోటా "సుబ్‌హానల్లాహ్" అన్న మాట వచ్చింది.

చిత్రాల్లో కనిపించే గాఢ నీలవర్ణం మాకు కనిపించలేదు. అందుకు కారణం ఉంది. మసక వెలుతురులో పనిచేసే కంటి కణాలు రంగులను గుర్తించలేవు. కెమెరా మాత్రం చాలాసేపు కాంతిని పోగుచేసి నీలిరంగును స్పష్టంగా చూపుతుంది. చిత్రాలు చూసి వెళ్లేవారు ఈ తేడాను ముందే తెలుసుకుంటే నిరాశ చెందరు.

చిన్న ప్రాణి, చల్లని దీపం

సముద్రంలో ఇలా వెలిగే జీవులు అనేకం. వాటిలో ప్రసిద్ధమైనది నాక్టిలూకా. లాటిన్ మూలం గల ఈ పేరుకు రాత్రి దీపమని అర్థం. దీని దేహమంతా ఒకే కణం, పరిమాణం ఒక మిల్లీమీటరుకు కొంచెం అటూ ఇటూ. నీరు కదిలినప్పుడు ఆ కణంలో ఒక రసాయన చర్య జరిగి, సెకనులో పదో వంతు కాలం మెరుపు వస్తుంది. ఈ చర్యలో పాల్గొనే పదార్థాలకు లూసిఫెరిన్, లూసిఫెరేజ్ అని పేర్లు పెట్టినవాడు 19వ శతాబ్దం చివర ఫ్రాన్సుకు చెందిన రాఫెల్ దుబోయ్. పాత తంతు బల్బులో విద్యుత్తులో అధికభాగం వేడిగా పోతుంది. ఈ జీవుల దీపంలో వేడి దాదాపు పుట్టదు. అందుకే దీన్ని చల్లని వెలుగు అంటారు.

ఇంత చిన్న ప్రాణికి దీపమెందుకు? దీనిపై శాస్త్రజ్ఞులు చెప్పే ఒక వివరణ ఆసక్తికరంగా ఉంటుంది. ఈ కణాలను తినడానికి నలుసంత పురుగు జీవులు వచ్చినప్పుడు నీరు కదిలి వెలుగు పుడుతుంది. ఆ వెలుగులో ఆ పురుగు చేపల కంట పడుతుంది. ఇంట్లో దొంగ పడితే కేక వేసి ఇరుగుపొరుగును పిలవడం వంటిదే ఇది. దివ్య ఖుర్ఆన్‌లోని నూర్ సూరా లోతైన సముద్రపు చీకట్లను ప్రస్తావిస్తుంది. ఆ చీకట్లలో బ్రతికే కంటికి ఆనని ప్రాణికి సైతం అల్లాహ్ తన రక్షణకు తగిన ఏర్పాటు ప్రసాదించాడు.

చెరువులో అదే వెలుగు

పిల్లల సంతోషం కొంత సద్దుమణిగాక మామూ చెప్పిన మాట మమ్మల్ని ఆలోచనలో పడవేసింది. "చూడు బేటా, ఈ వెలుగును చూసి మీరంతా సంతోషిస్తున్నారు. మొదటిసారి నా చెరువులో వెలుగు చూసిన రాత్రి నాకు ముద్ద దిగలేదు."

ఆయన చూసింది మరో రకం వెలుగు. రొయ్యల చెరువుల్లో, రొయ్య పిల్లను పెంచే హేచరీల్లో విబ్రియో హార్వేయి అనే బాక్టీరియా పెరిగితే నీరు, రొయ్యల దేహాలు రాత్రి వేళ వెలుగుతాయి. మొగలోని కణాలు నీరు కదిపితే మెరిసి ఆరిపోతాయి. ఈ బాక్టీరియా వెలుగు కదపకపోయినా నిలకడగా ఉంటుంది. ఒకటీ అరా బాక్టీరియాలు వెలగవు. లెక్కకు మించి గుమిగూడినప్పుడే వెలుగుతాయి. అంటే చెరువు వెలిగిందంటే బాక్టీరియా అప్పటికే బాగా ముదిరిందన్నమాట. మామూ చెరువులో రొయ్యలు మేత ముట్టక గట్టు వారకు చేరాయి. కౌంటుకు రాకముందే పట్టుబడి చేసి, వచ్చిన ధరకు అమ్ముకున్నారు. పిల్లకూ మేతకూ చేసిన అప్పు తీరడానికి ఆ తరువాత రెండు పంటలు పట్టిందట.

ఇటువంటి భయంలో రైతులు యాంటీబయాటిక్ మందులను ఆశ్రయించడం ఉంది. వాటి అవశేషాలు దొరికితే విదేశాలు సరుకును తిప్పి పంపుతాయి. ఆ మందు కలిసిన నీరు తూము గుండా ఉప్పుటేరులోకే చేరుతుంది. అదే నీటిని పక్క రైతు తన చెరువుకు తోడుకుంటాడు. ఒకరి చెరువులో పుట్టిన వ్యాధి ఊరంతటికీ పంపకమయ్యే మార్గమిదే. ఇప్పుడు మామూ ఏటి నీటిని నేరుగా చెరువులోకి పెట్టడం లేదు. వేరే గుంటలో నిలిపి, తేర్చి వాడుకుంటున్నారు. బయటికి వదిలే నీటిని కూడా నిలవబెట్టే వదులుతున్నారు. అరెకరం చెరువు అందుకు పోయిందని ఇంట్లో గొణుగుడు ఉన్నా ఆయన వినలేదు.

అందం వెనుక హెచ్చరిక

సముద్రంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. 2019 ఆగస్టు 18 రాత్రి చెన్నైలో బెసంట్ నగర్, తిరువాన్మియూరు తీరాల్లో అలలు నీలిరంగులో వెలిగాయి. జనం తండోపతండాలుగా వెళ్లి చూశారు. మరుసటి నెలలో మన్నారు సింధుశాఖలో నాక్టిలూకా విపరీతంగా పెరిగి నీరు పచ్చబారింది, చచ్చిన చేపలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఈ జీవి మనుషులకు విషం కాదు. కానీ మితిమీరి పెరిగితే దానిలోని అమ్మోనియా నీటిలో కలుస్తుంది, అది చచ్చి కుళ్లేటప్పుడు ప్రాణవాయువు హరించుకుపోతుంది. పొలాల ఎరువులు, పట్టణాల మురుగు, చెరువుల వ్యర్థాలు సముద్రంలో చేరడం ఇటువంటి విపరీతపు పెరుగుదలకు దోహదం చేస్తుంది. కొద్దిపాటి మెరుపు సముద్ర జీవనంలో సహజ భాగం. తీరమంతా మండినట్లు వెలిగితే మాత్రం కారణం వెదకవలసిందే.

ఈ సీమ ప్రజలు మరో రాత్రి వెలుగును కూడా ఎరుగుదురు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి పేలి మంటలు ఎగశాయి. 65 రోజులపాటు అవి ఆరలేదు. రాత్రి రాత్రిగా లేని ఆ కాలాన్ని పెద్దవారు నేటికీ తలచుకుంటారు. వెలుగు ఎక్కువైతే మేలు ఎక్కువ అన్నది అన్నివేళలా నిజం కాదని ఆ అనుభవం నేర్పింది.

కాపాడుకోవాలన్న సంకల్పం ఉంటే సాధ్యమేనని చెప్పే ఉదాహరణ కూడా ఉంది. పోర్టోరికోకు చెందిన వియెకెస్ దీవిలో మస్కిటో బే అనే అఖాతం ప్రపంచంలోకెల్లా ప్రకాశవంతమైనదిగా గిన్నిస్ రికార్డులకెక్కింది. సన్నని ముఖద్వారం, చుట్టూ మడ అడవులు, రాలిన ఆకుల నుంచి అందే పోషకాలు, ఇవే దాని బలం. అక్కడ నీటిలో ఈత నిషేధించారు. 2017 సెప్టెంబరులో మరియా తుఫాను తాకినప్పుడు వెలుగు మసకబారింది. తరువాత నెలల్లో మళ్లీ తిరిగి వచ్చింది. మన కాట్రేనికోన తీరాన, కోరంగిలో ఉన్న మడ అడవులు కూడా అదే పని చేస్తున్నాయి. అవి నీటిని వడగడతాయి, తుఫాను గాలిని అడ్డుకుంటాయి, చేపపిల్లకు నీడనిస్తాయి. మడ చెట్టును నరికినచోట చెరువు తవ్వడం లాభమో నష్టమో 1996 నవంబరు తుఫానును చూసిన సీమకు వేరే చెప్పనక్కరలేదు.

చూడవచ్చే కుటుంబాలకు

నీటిపై హక్కు అందరిదీ అని ఇస్లాం మనకు బోధించింది. ప్రవహించే ఏటి ఒడ్డున వుజూ చేసేటప్పుడు సైతం నీటిని వృథా చేయవద్దన్న శిక్షణ మనది. కనుక మొగకు వెళ్లే మన కుటుంబాలు నీటిలో ప్లాస్టిక్ సంచులు, ఆహార పొట్లాలు వదలరాదు. టార్చిలైట్లు, పాటల పెట్టెలు ఒడ్డునే ఉండాలి. పిల్లలను లోతుకు దింపరాదు. లైఫ్ జాకెట్లు లేని పడవ ఎక్కరాదు. చెరువు సాగు చేసే బంధువులుంటే వారు నీటిని ఎక్కడ వదులుతున్నారో మర్యాదగా అడగాలి. ఆ ప్రశ్న చుట్టరికానికి చేటు కాదు, మేలే.

పిల్లలకు మరో సంగతి చెప్పాలి. రెండు వెలుగులూ నీటిలోనే పుడతాయి. కదిపితే క్షణం మెరిసి ఆరేది ఏటి ప్రాణానికి గుర్తు. కదపకుండా వెలుగుతూనే ఉండేది చెరువు రోగానికి గుర్తు. కంటికి రెండూ అందంగానే కనిపిస్తాయి. తేడా తెలుసుకోవడానికి జ్ఞానం కావాలి, జ్ఞానానికి ఓపిక కావాలి. చీకటిలో మౌనంగా కూర్చునే అరగంట ఆ ఓపికకు మంచి ఆరంభం.